రిఫండు ఎచట నిలిచినది?



చేపల వేటయు వరి సేద్యమును జీవనాధారములుగా కాలము గడపిన పులికాట్ సరస్సు తీరపు పల్లెలలో ఆదాయపు పన్ను అనునది చిరకాలము పట్టణపు వర్తకులకును వకీళ్లకును మాత్రమే సంబంధించిన మాటగా ఉండెను. 1971 అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోట నుండి రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఎగిరిననాటి నుండి ఆ పరిస్థితి మెల్లమెల్లగా మారజొచ్చినది. అచటి రాకెట్టు కేంద్రమైన షార్ ఉద్యోగులు సూళ్లూరుపేటలో ఇండ్లు కట్టుకొనిరి, వారిలో అనేకులు పదవీ విరమణ చేసి అచ్చటనే స్థిరపడిరి. పిమ్మట 2008లో తడ సమీపమున శ్రీసిటీ వెలసి, సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల యువతీయువకులకు నెలజీతములు అలవాటు చేసెను. జీతమున్నచోట, పింఛనున్నచోట, బ్యాంకులో డిపాజిట్టుపై వడ్డీ వచ్చుచోట, మూలమునందే పన్ను కోసికొను పద్ధతి వెన్నంటి వచ్చును. వాడుకలో దానినే మనము టీడీఎస్ అందుము. అట్లు కోసిన పన్ను, న్యాయముగా చెల్లింపవలసిన పన్నుకన్న ఎక్కువైనపుడు, ఆ అధికభాగము తిరిగి మన ఖాతాకు రావలెను. అదియే రిఫండు. అది రావలసిన వేళకు రాకుండుటకు హేతువులెవ్వి, దాని జాడ తెలిసికొనుట ఎట్లు అను విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటించెదను.

సూళ్లూరుపేటలో డెబ్బది యేండ్ల వృద్ధురాలొకతె ఉన్నదనుకొందము. ఆమెకు ఉన్నదల్లా బ్యాంకులోని డిపాజిట్టు, దానిపై సంవత్సరమునకు వచ్చు 1,20,000 రూపాయల వడ్డీ. ఆ ఆదాయమునకు ఆమె పైసా పన్ను కట్టనక్కరలేదు. అయినను, తనకు పన్ను వర్తింపదని తెలుపు 15హెచ్ అను స్వయంప్రకటన పత్రమును ఏటి మొదట బ్యాంకుకు ఇచ్చుట ఆమె మరచినది. బ్యాంకువారు చట్టప్రకారము నూటికి పది చొప్పున 12,000 రూపాయలు కోసి ప్రభుత్వమునకు జమకట్టిరి. ఆ పండ్రెండువేలు ఆమె సొమ్ము. ప్రభుత్వము దానిని కొంతకాలము తన యొద్ద ఉంచుకొన్నది, అంతే. రిఫండు పడినదని వినగానే సర్కారువారు కరుణించి ఏదో ఇచ్చినట్లు సంబరపడువారిని నేను చూచుచున్నాను. ఆ సంబరము నాకు ఎన్నడును రుచింపదు.

చట్టము కూడ నా పక్షముననే ఉన్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో రిఫండులకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు; దానిలోని 244ఏ అను విభాగము ప్రకారము, నిలిచిపోయిన సొమ్ముపై నెలకు, లేక నెలలో కొంతభాగమునకైనను, నూటికి అర్ధరూపాయి వంతున ప్రభుత్వము వడ్డీ ఇయ్యవలెను. మన వృద్ధురాలు గడువులోపల రిటర్ను దాఖలు చేసినదనుకొనుడు. ఆదాయము వచ్చిన ఆర్థిక సంవత్సరము ముగిసిన మరునాడు, అనగా ఏప్రిల్ 1 నుండి లెక్క మొదలగును; డిసెంబరులో సొమ్ము చేతికి వచ్చినచో తొమ్మిది నెలలకు నెలకు అరువది రూపాయల వంతున 540 రూపాయలు అదనముగా రావలెను. గడువు దాటి దాఖలు చేసినచో దాఖలు చేసిన తేదీ నుండియే వడ్డీ. జాప్యమునకు పన్నుదారుడే కారణమైనచో ఆ కాలమునకు వడ్డీ లేదు. రిఫండు మొత్తము నిర్ణయించిన పన్నులో పదోవంతుకు తక్కువైనచో అసలే లేదు. ఇచ్చిన ఆ వడ్డీని మరుసటి రిటర్నులో ఆదాయముగా చూపవలెనను సంగతి చాలమంది ఎరుగరు. ఇచ్చిన చేతితోనే కొంత తిరిగి పుచ్చుకొనుట ఏలినవారి విద్యలలో ఒకటి కాబోలు.

2014 ఫిబ్రవరిలో టాటా కెమికల్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టముగా తేల్చినది: హక్కులేక వసూలైన సొమ్మును ప్రభుత్వము తన యొద్ద ఉంచుకొన్నపుడు దానిపై వడ్డీ ఇచ్చుట దాని విధి. అంతకుముందు 2006లో సాండ్విక్ ఏషియా వ్యాజ్యమునను సంవత్సరముల తరబడి సాగిన ఆలస్యమునకు పరిహారము ఇయ్యవలసినదని అదే న్యాయస్థానము ఆదేశించెను. సూత్రము బాగున్నది. కాని, మనము పన్ను బాకీపడినచో నెలకు నూటికి రూపాయి వడ్డీ వసూలు చేయు ప్రభుత్వము, తాను మనకు బాకీపడినపుడు అర్ధరూపాయితో సరిపుచ్చుట ఏ ధర్మశాస్త్రముననుసరించియో బోధపడదు. అప్పులిచ్చు షావుకారుపై మనము మోపు నింద ఇచ్చటను వర్తింపదా?

ఇక జాప్యము మాటకు వత్తము. పులికాట్ సరస్సునకు సముద్రముతో సంబంధము కలిగించు రాయదొరువు, కొండూరుపాళెము ముఖద్వారములు ఇసుకతో పూడిపోయినపుడు, సరస్సులో నీరు తగ్గిన కారణమును వెదకు బెస్తవాడు నీటిని నిందింపక, పూడిక ఎచట పేరుకొన్నదో పడవవేసికొని పోయి చూచును. రిఫండు విషయమునను అట్లే. ‘ఎప్పుడు వచ్చును?’ అను ప్రశ్నకు ఎవ్వరును జవాబు చెప్పజాలరు, ‘ఎచట నిలిచినది?’ అను ప్రశ్నకు మాత్రము జవాబు దాదాపు ఎల్లవేళల దొరకును. తిరుపతికో నెల్లూరుకో బస్సెక్కి ఆదాయపు పన్ను కార్యాలయపు మెట్లెక్కినంత మాత్రమున ఆ జవాబు దొరకదు. ఏలయన రిటర్నులను మొదట పరిశీలించునది ఆ కార్యాలయము కాదు, బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రము. శాఖవారి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మన పాన్ సంఖ్యతో ప్రవేశించి, దాఖలు చేసిన రిటర్నుల పట్టికను తెరచినచో, రిటర్ను ఏ తేదీన చేరినది, ఏ తేదీన ధ్రువీకరింపబడినది, ఏ తేదీన పరిశీలన ముగిసినది, రిఫండు ఉత్తరువు దానిని చెల్లించు స్టేట్ బ్యాంకుకు వెడలినదా లేదా అనునవి వరుసగా కనబడును. ఆ వరుసలో ఎచట తేదీ లేదో అచటనే పూడిక.

మొదటి పూడిక మన వాకిటనే ఉండును. రిటర్ను పంపినంతనే పని ముగిసినదని తలచి ధ్రువీకరణ మాట మరచువారు అనేకులు. 2022 ఆగస్టు 1కి పూర్వము దానికి 120 దినముల గడువుండెడిది. ఇప్పుడు 30 దినములే. ఆధార్‌కు జతపడిన ఫోనునకు వచ్చు ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్ ద్వారానో, సంతకము చేసిన పత్రమును బెంగళూరుకు స్పీడ్‌పోస్టులో పంపియో ఆ పని ముగింపవలెను. ధ్రువీకరింపని రిటర్ను చట్టము దృష్టిలో దాఖలు కాని రిటర్నే. రెండవది, పాన్‌ను ఆధార్‌తో జతపరుపకుండుట. 2023 జూన్ 30తో గడువు ముగిసినది. జతపడని పాన్ నిష్క్రియమగును. నిష్క్రియమైనంతకాలము రిఫండు రాదు, ఆ కాలమునకు వడ్డీయును రాదు. వెయ్యి రూపాయల రుసుము చెల్లించి జతపరచుకొనిన పిదపనే దారి తెరచుకొనును.

ఈ జతపరచుట యందును, బ్యాంకు ఖాతాను ధ్రువపరచుట యందును మనవారికి ఎదురగు చిక్కు మరెవ్వరికిని ఇంతగా ఉండదేమో. తెలుగువాని ఇంటిపేరు ముందుండును. పాఠశాల పట్టీలో అది ఒక పొడియక్షరముగా నిలిచిపోవును. పాన్ దరఖాస్తులో పొడియక్షరములు పనికిరావు గనుక అది విప్పారి, ఒక్కొక్కపుడు పేరునకు వెనుకకు పోవును. బ్యాంకు పాసుపుస్తకములో మరల పొడియక్షరముగా కుదించుకొనును. తడ దాటిన వెంటనే తమిళనాడు. ఈ సరిహద్దు గ్రామములలో ఇరుగుపొరుగులుగా జీవించు తమిళ కుటుంబములవారు తండ్రి పేరు మొదటి అక్షరమును తగిలించుకొందురు. ఒకే మనిషి నాలుగు కాగితములలో నాలుగు రూపములు దాల్చుచుండగా, మనుష్యులనెరుగని యంత్రము నలుగురు వేర్వేరు మనుష్యులున్నారని తీర్మానించును. పన్ను లెక్క ఎంత సక్రమముగా ఉన్నను, ధ్రువపడని ఖాతాలో సొమ్ము పడదు. 2019 మార్చి 1 నుండి రిఫండులన్నియు పాన్‌తో జతపడిన బ్యాంకు ఖాతాకే నేరుగా వచ్చుచున్నవి. తపాలాలో చెక్కు వచ్చు కాలము గతించినది.

దీనికి తోడు బ్యాంకులే పేర్లు మార్చుకొనుచున్నవి. 2020 ఏప్రిల్ 1న మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినది. సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసినది. 2025 మే 1న సప్తగిరి, ఆంధ్ర ప్రగతి మొదలగు నాలుగు గ్రామీణ బ్యాంకులును ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా రూపొందినవి. విలీనము జరిగినపుడు శాఖల ఐఎఫ్ఎస్సీ సంకేతములు మారుట సహజము. కాని ఎన్నడో పోర్టల్‌లో నమోదు చేసిన పాత సంకేతము తనంతట తాను మారదు. రిఫండు ఉత్తరువు వెడలును, ఖాతా దొరకక వెనుకకు మరలును. ‘రిఫండ్ ఫెయిల్డ్’ అను మాట అచ్చట కనబడినచో దిగులు పడనక్కరలేదు; ఖాతా వివరములు సరిదిద్ది, తిరిగి పంపుడని అదే పోర్టల్‌లో విజ్ఞప్తి చేసికొనిన చాలును.

అంతకన్న చిక్కైనది, కోసిన పన్ను మన పేర జమపడకుండుట. శ్రీసిటీలోని ఒక కర్మాగారమునకు మనుష్యులను సమకూర్చు గుత్తేదారు జీతములలో పన్ను కోసెననుకొందము. అతడు ఆ సొమ్మును ప్రభుత్వమునకు జమకట్టి, మూడు నెలలకొకమారు లెక్క దాఖలు చేసి, ఎవరి పాన్‌పై ఎంత కోసెనో తెలుపవలెను. పాన్‌లో ఒక్క అక్షరము తప్పినను ఆ సొమ్ము మరియొకని పద్దులో చేరును. ఇది తెలిసికొనుటకే 26ఏఎస్ అను పట్టికయు, 2021 నవంబరు నుండి వార్షిక సమాచార నివేదిక అను ఏఐఎస్‌యును ఉన్నవి. జూన్ 15 నాటికి యజమాని ఇయ్యవలసిన ఫారం 16ను ఈ పట్టికతో పోల్చిచూచి, రెండును సరిపోయినపుడే రిటర్ను పంపుట వివేకవంతుని లక్షణము. సరిపోనిచో యజమానిచేత లెక్కను దిద్దించుకొనవలెను. బెంగళూరులోని యంత్రము మన మాట వినదు, పట్టికలోని అంకెనే వినును. యజమాని పన్ను కోసికొని సర్కారునకు కట్టకుండ దిగమ్రింగినపుడేమి గతియని అడుగవచ్చును. కోసిన మేరకు ఆ పన్నును మరల ఉద్యోగి నుండి వసూలు చేయరాదని 1961 నాటి చట్టపు 205వ విభాగము శాసించుచున్నది. కింగ్‌ఫిషర్ విమాన సంస్థ ఉద్యోగి ఒకరి విషయమున 2023లో ఢిల్లీ హైకోర్టు, అట్టి బాకీకింద రిఫండును మినహాయించుకొనుటయు చెల్లదని తీర్పుచెప్పినది. చట్టముండుట వేరు, కూలివాడు దానిని ఉపయోగించుకొనగలుగుట వేరు. అయినను, తన వేతన చీటీలను భద్రపరచుకొన్నవానికి కనీసము ఆధారముండును.

పాతబాకీల కథ మరొకటి. పూర్వము కాగితములపై సాగిన లెక్కలు కంప్యూటర్లలోనికి ఎక్కినపుడు, ఎప్పటివో ఏ మూలవో బాకీలు అనేకుల పేర ప్రత్యక్షమైనవి. వచ్చిన రిఫండును వాటికింద మినహాయించుకొనుట ఆనవాయితీ అయ్యెను. ఒక చార్టర్డ్ అకౌంటెంటు వ్రాసిన లేఖను ఆధారముగా గైకొని ఢిల్లీ హైకోర్టు తనంతట తాను విచారణ జరిపి, 2013 మార్చిలో ఈ పద్ధతికి కళ్లెము వేసినది. మినహాయింపునకు ముందు పన్నుదారునికి తెలిపి, అతని సమాధానము వినవలెనని ఆదేశించినది. నేడు ఆ సమాధానమునకు 21 దినములు గడువు. మౌనము అంగీకారమగును గనుక ఆ సందేశమును ఉపేక్షింపరాదు. ఒక మేలుమాట కూడ ఉన్నది: 2024 ఫిబ్రవరిలో కేంద్రము 2009-10 ఆర్థిక సంవత్సరము వరకు గల బాకీలలో 25,000 రూపాయల లోపువానిని, 2010-11 నుండి 2014-15 వరకు గలవానిలో 10,000 లోపువానిని, ఒక్కొక్కరికి లక్ష రూపాయల పరిమితితో రద్దుపరచినది. ఆ రద్దు తమకు వర్తించినదో లేదో షార్ విశ్రాంత ఉద్యోగులు ఒకమారు పోర్టల్‌లో చూచుకొనుట మంచిది.

ఇవి ఏవియు లేకున్నను ఆలస్యము కావచ్చును. సగటు పరిశీలన కాలము 2013-14లో 93 దినములుండగా పది దినములకు తగ్గినదని ఆర్థికమంత్రి 2024లో పార్లమెంటునకు తెలిపిరి. ఇది సామాన్యమైన సాధన కాదు, మెచ్చుకొనవలసినదే. అయితే చట్టము శాఖకిచ్చిన గడువు వేరు: రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరాంతము నుండి తొమ్మిది నెలలు. 2025 జులైలో పంపిన రిటర్నుకు 2026 డిసెంబరు 31 వరకు శాఖకు వ్యవధి ఉన్నది. పౌరునకు ధ్రువీకరణకు ముప్పది దినములు, రిటర్నులోని లోపము దిద్దుకొనుటకు పదునైదు, బాకీకి జవాబిచ్చుటకు ఇరువదియొకటి. శాఖకు మాత్రము పదునేడు నెలలు! త్రాసు ఎటు మొగ్గుచున్నదో చెప్పనక్కరలేదు.

కొన్ని రిటర్నులు ఉద్దేశపూర్వకముగనే ఆపబడును. దానికి కారకులు కొందరు మధ్యవర్తులు. ‘మీకు ఇంత రిఫండు తెప్పించెదము, దానిలో ఇంతవంతు మాకిండు’ అని ఉద్యోగుల చుట్టు తిరిగి, లేని ఇంటి అద్దెలను, ఇయ్యని విరాళములను, కట్టని బీమాలను రిటర్నులో చేర్చు ఈ దళారుల బెడద దేశమంతట ప్రబలినది. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ పలు రాష్ట్రములలో 150 చోట్ల ఇట్టివారిపై తనిఖీలు జరిపినది; అంతకుముందు నాలుగు నెలలలోనే దాదాపు 40,000 మంది పన్నుదారులు 1,045 కోట్ల రూపాయల బూటకపు మినహాయింపులను స్వయముగా ఉపసంహరించుకొనిరని శాఖ వెల్లడించినది. ఈ దొంగలెక్కల మూలమున నిజాయితీపరుల రిటర్నులు కూడ అనుమానపు వడపోతలో చిక్కుకొనుచున్నవి. దళారి తన వంతు తీసికొని పోవును. నోటీసు వచ్చునది సంతకము చేసినవానికే.

రిటర్ను గడువు దాటినవారికి రిఫండు హక్కే ఉండరాదను నియమమొకటి 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన నూతన ఆదాయపు పన్ను బిల్లులో చొరబడినది. అది నిలిచియున్నచో, వ్యాధిచేతనో, ఉప్పెనచేతనో, తెలియకపోవుటచేతనో ఒకదినము ఆలస్యమైన వృద్ధురాలు తన పండ్రెండువేలను శాశ్వతముగా కోల్పోయియుండెడిది. బైజయంత్ పాండా అధ్యక్షతన గల సెలక్ట్ కమిటీ ఆ నియమమును తొలగింపవలసినదని జులైలో సూచించినది. ప్రభుత్వము దానిని మన్నించి, సవరించిన బిల్లును ఆగస్టులో ప్రవేశపెట్టగా, అదే నెల 21న రాష్ట్రపతి ఆమోదము లభించినది. 2026 ఏప్రిల్ 1 ఆ చట్టపు అమలు తేదీ. అంతకుముందరి సంవత్సరముల ఆదాయములకు పాత చట్టమే వర్తించును. వార్తాపత్రికలు పన్ను శ్లాబుల గూర్చి పుటలు నింపిన ఆ దినములలో ఈ చిన్న సవరణను గమనించినవారు తక్కువ. నా దృష్టిలో సామాన్యునకు కలిగిన మేలులలో ఇది మొదటివరుసలోనిది. రిటర్ను వేయుటకే కాలము మించిపోయినచో, ఆలస్యమును మన్నింపుమని శాఖాధికారులను కోరు మార్గమును 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆదేశము ఐదేండ్ల వరకు తెరచి ఉంచినది. అట్టి సొమ్ముపై వడ్డీ మాత్రము ఉండదు.

అన్నియు సక్రమముగా ఉండి నెలలు గడచినచో, పోర్టల్‌లోని ఫిర్యాదుల విభాగమున వ్రాతపూర్వకముగా అడుగవలెను. దానికిని ఉలుకుపలుకు లేనిచో కేంద్రప్రభుత్వపు ఫిర్యాదుల వేదికయైన సీపీగ్రామ్స్ కలదు. ఫిర్యాదులో ఆవేశము అనవసరము. రిటర్ను రసీదు సంఖ్య, ధ్రువీకరించిన తేదీ, నిలిచిన మెట్టు, ఈ మూడును ఉన్నచో చాలును. మన పాన్ ఏ అధికారి పరిధిలో ఉన్నదో కూడ పోర్టల్ తెలుపును. సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారినది గనుక, ఊహలతో ఏదో ఒక కార్యాలయమునకు పోవుటకన్న ఇది చూచుకొని పోవుట మేలు.

రిఫండు మంజూరైనది, ఈ లింకు నొక్కుడు, కార్డు వెనుకనున్న సంఖ్య చెప్పుడు అని ఫోనులో వచ్చు సందేశములు మోసగాండ్ర పన్నాగములు. శాఖ ఎన్నడును పిన్ నంబరు గాని, కార్డు వివరములు గాని, ఓటీపీ గాని ఫోనులో అడుగదు.

శ్రోతలలో యువతీయువకులకు ఒక విన్నపము. మీ ఇంటనున్న తాతయ్యలకును అమ్మమ్మలకును బ్యాంకు డిపాజిట్లున్నచో, వారి మొత్తము ఆదాయముపై పన్ను పడదని లెక్కచూచుకొని, ఏప్రిల్ మొదటివారమందే వారిని వెంటబెట్టుకొని బ్యాంకుకు పోయి, పన్ను కోయవద్దని కోరు ఆ స్వయంప్రకటన పత్రమును ఇప్పించి, రసీదు పుచ్చుకొండు. వారి సొమ్ము బెంగళూరు దాక పోయి రానక్కర లేకుండ వారి ఖాతాలోనే ఉండును.